ఊదా వెలుగు ఊదే గాలి

భద్రాచలం వెళ్లే బస్సు సారపాక దాటి గోదావరి వంతెన ఎక్కగానే సీన్ మారిపోతుంది. పెద్దవాళ్లు చేతులు జోడిస్తారు. ఎవరో ఒకరు చిల్లర నాణెం నదిలోకి విసురుతారు. మిగిలినవాళ్లం ఫోన్ తీసి వీడియో మొదలుపెడతాం. ఈసారి వెళ్లినప్పుడు కెమెరాని ఒక్క నిమిషం కిందికి తిప్పండి. 1965లో ప్రారంభమైన పాత వంతెన పిల్లర్ల దగ్గర నీళ్లు ఏం చేస్తున్నాయో చూడండి.

ఎదురొచ్చిన నీరు పిల్లర్ దగ్గర రెండుగా చీలుతుంది. దాని పక్కల్ని రాసుకుంటూ కొంచెం దూరం వెళ్తుంది. ఆ తర్వాత ఇంక వంపు తిరగలేక పిల్లర్‌ని వదిలేసి పోతుంది. వెనకాల ఖాళీ అయిన చోట సుడులు మొదలవుతాయి. ఆకులు, నురగ అక్కడే గిరగిరా తిరుగుతుంటాయి.

విమానం రెక్క మీద గాలి కూడా సరిగ్గా ఇలాగే చేస్తుంది. దాన్ని ఆపడానికి ప్రపంచంలో చాలా ల్యాబులు ఇరవై ఏళ్లకు పైగా ఒక వింత పరికరంతో కుస్తీ పడుతున్నాయి. అందులో ఫ్యాన్ లేదు, మోటారు లేదు, తిరిగేదంటూ ఏదీ లేదు. ఉన్నదల్లా రెండు పల్చటి రాగి రేకులు, వాటి మధ్య ఒక ప్లాస్టిక్ పొర, బోలెడంత వోల్టేజీ. స్విచ్ వేస్తే సన్నటి ఊదారంగు వెలుగు వస్తుంది. ఆ వెలుగు పక్కనే గాలి వీస్తుంది!

దాని పేరు ప్లాస్మా యాక్చుయేటర్. ఇంకా మజా ఏంటంటే, దీని అన్నలాంటి యంత్రం ఇదే వంతెనకి ఇటువైపు, సారపాక పేపర్ మిల్లులో పనిచేస్తోంది. ఆ కథకి తర్వాత వద్దాం. ముందు గాలి సంగతి.

గాలి రెక్కను ఎందుకు వదిలేస్తుంది?

రెక్క మీద గాలి అంటుకుని సాగినంతసేపు విమానాన్ని పైకెత్తే బలం, అంటే లిఫ్ట్, బాగా వస్తుంది. ఎక్కువ లిఫ్ట్ కోసం రెక్క ముందు అంచును కొంచెం కొంచెం పైకి లేపుతూ పోవచ్చు. కానీ దానికో హద్దుంది. మామూలు రెక్కకి దాదాపు 15 డిగ్రీలు దాటాక గాలి రెక్కను వదిలేస్తుంది. లిఫ్ట్ పడిపోతుంది, వెనక్కి లాగే బలం, అంటే డ్రాగ్, పెరిగిపోతుంది. దీన్నే పైలట్లు 'స్టాల్' అంటారు. ఇంజిన్ బాగానే తిరుగుతున్నా విమానం కిందికి జారిపోయే పరిస్థితి ఇది.

ఎందుకలా? రెక్క ఒంటికి అతుక్కుని ఒక పల్చటి గాలి పొర ఉంటుంది. రాపిడి వల్ల ఆ పొర వేగం తగ్గిపోతుంది. పైగా రెక్క వెనక భాగానికి వెళ్లేకొద్దీ ఎదురుగా పీడనం పెరుగుతుంది. ఊపు లేకుండా గట్టు ఎక్కబోయిన సైకిల్ సగంలో ఆగి వెనక్కి జారుతుంది కదా, ఆ పొర పరిస్థితి అంతే. అది ఆగిపోతే దాని మీదున్న గాలంతా రెక్కకు దూరంగా ఎగిరిపోతుంది.

ఇక్కడో మంచి విషయం ఉంది. అలసిపోయింది ఆ పల్చటి పొర ఒక్కటే. మొత్తం గాలిని తోయక్కర్లేదు. సైకిల్ ఆగబోయే చోట వెనక నుంచి ఒక్క చెయ్యి వేస్తే చాలు.

ఆ చెయ్యి వేసే పద్ధతులు పాతవే చాలా ఉన్నాయి. ప్రయాణికుల విమానాల రెక్కల మీద చిన్న చిన్న రేకు ముక్కలు నిలబెట్టి ఉండటం కిటికీ సీట్లో కూర్చుని గమనించే ఉంటారు. వాటిని వోర్టెక్స్ జనరేటర్లు అంటారు. పైన వేగంగా పోయే గాలిని అవి కిందికి కలిపి అలసిన పొరకు ఊపునిస్తాయి. చవక, రిపేరు తక్కువ. కానీ అవసరం ఉన్నా లేకున్నా అలా నిలబడే ఉంటాయి, ఎప్పుడూ కొంచెం డ్రాగ్ వడ్డిస్తూనే ఉంటాయి. కావాల్సినప్పుడు ఆన్, అక్కర్లేనప్పుడు ఆఫ్ అయ్యేది, రెక్కమీద పైకి పొడుచుకు రానిది ఏదైనా ఉంటే? అక్కడ మొదలైంది ప్లాస్మా ఆలోచన.

కరెంటు గాలిని ఎలా తోస్తుంది?

చినుకులు పడే రాత్రి హైటెన్షన్ లైన్ల కింద నిలబడితే 'జుయ్‌య్' మని చప్పుడు వినిపిస్తుంది. పాల్వంచ, మణుగూరు వైపు వాళ్లకి ఇది కొత్త కాదు. తీగ చుట్టూ ఉన్న గాలి కొంచెం కొంచెంగా చిట్లుతున్న చప్పుడది. మామూలుగా గాలి కరెంటుని పోనివ్వదు. కానీ సెంటీమీటరుకి దాదాపు 30 వేల వోల్టుల ఒత్తిడి పడితే గాలి అణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడిపోతాయి. విడిపోయిన ఎలక్ట్రాన్లు, మిగిలిన అయాన్లు కలిసిన ఆ గందరగోళాన్నే ప్లాస్మా అంటాం. మెరుపు ప్లాస్మానే. వెల్డింగ్ నిప్పు కూడా ప్లాస్మానే.

మెరుపులా పేలిపోతే రెక్క కాలిపోతుంది. అందుకే మధ్యలో ప్లాస్టిక్ పొర. ఒక రాగి రేకు పొర మీద గాలికి తెరుచుకుని ఉంటుంది. రెండోది పొర కింద, కొంచెం పక్కకి జరిగి, దాగి ఉంటుంది. ఈ రెండింటికీ కొన్ని వేల వోల్టులు ఇస్తారు. అదీ సెకనుకి కొన్ని వేలసార్లు దిశ మారే కరెంటు. పై రేకు అంచు దగ్గర గాలి చిట్లి ప్లాస్మా పుడుతుంది. విద్యుదావేశం అవతలి రేకు వైపు పరుగెత్తుతుంది, కానీ మధ్యలో ప్లాస్టిక్ గోడ ఉంది కాబట్టి పొర మీదే పేరుకుంటుంది. అలా పేరుకోగానే ఒత్తిడి తగ్గి మెరుపు దానంతటదే ఆరిపోతుంది. అంతలో కరెంటు దిశ మారుతుంది, మళ్లీ మొదలు. పేలకముందే ఆరిపోయే బుజ్జి మెరుపులు లక్షల్లో అన్నమాట. నైట్రోజన్ వల్ల అదంతా ఊదారంగులో కనిపిస్తుంది.

మరి గాలి? పరుగెత్తే అయాన్లు దారిలో మామూలు గాలి అణువుల్ని గుద్దుకుంటూ పోతాయి. జాతరలో పదిమంది ఒకేవైపు తోసుకుంటూ పోతే గుంపంతా అటే జరుగుతుంది కదా! అలా ఉపరితలాన్ని రాసుకుంటూ ఒక సన్నటి గాలి పాయ బయల్దేరుతుంది. సరిగ్గా ఆ అలసిపోయిన పొర ఉన్నచోటే.

కరెంటుతో గాలి వీస్తుందన్న సంగతి 1700ల మొదట్లోనే ఇంగ్లండులో ఫ్రాన్సిస్ హాక్స్‌బీ గమనించాడు. రుద్దిన గాజు గొట్టం దగ్గర ఏదో తగిలిందని రాశాడు. కానీ దాన్ని రెక్క మీద పొరని అదుపు చేసే పనికి పెట్టి చూపించింది 1990లలో. అమెరికాలో టెనసీ యూనివర్సిటీకి చెందిన రీస్ రాత్, నాసా లాంగ్లీ పరిశోధకులతో కలిసి 1998లో ఆ ఫలితాలు ప్రకటించాడు. తర్వాత నోటర్‌డామ్ యూనివర్సిటీలో థామస్ కోర్క్ బృందం స్టాల్‌ని వెనక్కి నెట్టే ప్రయోగాలు వరసగా చేసింది. ఇప్పుడు ఇది ఒక పెద్ద రీసెర్చ్ రంగం.

సారపాకలో ఉన్న అన్న

ఇక వంతెన ఇవతలికి వద్దాం. జామాయిల్, సుబాబుల్ కర్ర వేసుకుని లారీలు, ట్రాక్టర్లు క్యూ కట్టే చోటు. సారపాకలోని భద్రాచలం పేపర్ బోర్డ్స్ మిల్లు 1979 నుంచి నడుస్తోంది. 2002లో అది ఐటీసీలో కలిసిపోయింది. మన జిల్లా రైతు పొలంలో పెరిగిన కర్ర ఇక్కడ గుజ్జయి, తెల్లబడి, కాగితమై, అట్టపెట్టెలకు పనికొచ్చే బోర్డయి బయటికి పోతుంది.

గుజ్జు పుట్టినప్పుడు గోధుమరంగులో ఉంటుంది. కర్రలోని లిగ్నిన్ అనే జిగురులాంటి పదార్థమే దానికి కారణం. ఒకప్పుడు మిల్లులు దాన్ని క్లోరిన్ వాయువుతో తెల్లబరిచేవి. దానివల్ల నీళ్లలోకి పోయే క్లోరిన్ విషాలు పెద్ద తలనొప్పి. అందుకని పరిశ్రమ మెల్లగా వేరే దార్లు వెతికింది. వాటిలో ఒకటి ఓజోన్. దేశంలో ఓజోన్‌తో గుజ్జును తెల్లబరచడం మొదట తన భద్రాచలం మిల్లులోనే మొదలైందని ఐటీసీ చెబుతుంది.

ఓజోన్‌కి ఒక చిక్కుంది. అది ఎక్కువసేపు నిలవదు, సిలిండర్లలో నింపి లారీలో తెచ్చుకోవడం కుదరదు. ఎక్కడ వాడాలో అక్కడే తయారు చేసుకోవాలి. పరిశ్రమల్లో దాన్ని తయారు చేసే పద్ధతి ఇదీ: రెండు లోహపు ఎలక్ట్రోడ్లు, మధ్యలో గాజులాంటి కరెంటు పోనివ్వని పొర, సన్నటి సందు. ఆ సందులోంచి ఆక్సిజన్ పంపిస్తూ వేల వోల్టుల దిశ మారే కరెంటు ఇస్తారు. బుజ్జి మెరుపులు మొదలవుతాయి. ఆక్సిజన్ అణువులు చిట్లి, ముగ్గురేసి జట్టు కట్టి ఓజోన్ అవుతాయి.

ఎక్కడో చదివినట్టుంది కదూ? అవును, రెక్క మీద పెట్టే పరికరం ఇదే! దీని సాంకేతిక పేరు డైఎలక్ట్రిక్ బ్యారియర్ డిశ్చార్జ్, ముద్దుగా డీబీడీ. 1857లో జర్మనీలో వెర్నర్ వాన్ సీమెన్స్ దీన్ని కనిపెట్టింది ఓజోన్ కోసమే. విమానాలు పుట్టడానికి దాదాపు అర్ధ శతాబ్దం ముందు!

తేడా ఒక్కటే. మిల్లుకి కావాల్సింది ఓజోన్, ఆ సందులో పుట్టే కాస్త గాలి ఊపు దానికి అక్కర్లేదు. రెక్కకి కావాల్సింది ఆ గాలి ఊపు, పక్కన పుట్టే ఓజోన్ దానికి తలనొప్పి. ఒకరి చెత్త ఇంకొకరి సరుకు అయినట్టు.

అంతే కాదు, అదే కుటుంబంలో ఇంకో తమ్ముడు కూడా చుట్టుపక్కలే ఉన్నాడు. బొగ్గుతో కరెంటు తీసే ప్లాంట్ల చిమ్నీల ముందు ఎలక్ట్రోస్టాటిక్ ప్రెసిపిటేటర్ ఉంటుంది. తీగల చుట్టూ గాలిని చిట్లించి, బూడిద రేణువులకి చార్జ్ ఎక్కించి, పక్కనున్న పలకలకి అంటించేస్తుంది. బూడిద ఆకాశంలోకి పోకుండా ఆపేది అదే. అంటే ప్లాస్మా అనేది సినిమాలో సైంటిస్టు చెప్పే పదంలా వినిపించినా, మన దగ్గర అది డ్యూటీ ఎక్కి ఎన్నో ఏళ్లయింది.

మరి విమానాల మీద ఎందుకు లేదు?

ఇక్కడే నిజాయితీగా లెక్క చూడాలి. డీబీడీ పుట్టించే గాలి వేగం సాధారణంగా సెకనుకి కొన్ని మీటర్లు మాత్రమే. ప్రయాణికుల విమానం పోయేది సెకనుకి దాదాపు 250 మీటర్ల వేగంతో. తుఫానుకి విసనకర్రతో ఎదురు విసిరినట్టుంటుంది. పైగా ఇచ్చిన కరెంటులో నూటికి ఒక వంతు కూడా గాలి కదలికగా మారదు. మిగతాదంతా వేడి, వెలుగు, ఓజోన్. గదిలో చల్లగాలి కోసమైతే ఇంట్లో ఉన్న సీలింగ్ ఫ్యాన్‌ని మించింది లేదు!

అందుకే 'కరెంటుతో విమానం ఎగిరిపోతుంది' లాంటి రీల్స్ చూసినప్పుడు కాస్త ఆగాలి. 2018లో ఎంఐటీ పరిశోధకులు నిజంగానే ఎగరేశారు. తిరిగే భాగం ఒక్కటీ లేకుండా, 40 వేల వోల్టులతో పుట్టించిన అయాన్ గాలితో. కానీ ఆ విమానం బరువు 2.45 కిలోలు, రెక్కల పొడవు 5 మీటర్లు, ఎగిరింది ఒక ఇండోర్ హాల్లో సుమారు 60 మీటర్లు. అదొక గొప్ప మొదటి అడుగు. అంతకు మించి అర్థం తీసుకోకూడదు.

రెక్క మీద అదుపు కోసం వాడే ప్లాస్మా కథ వేరు. అక్కడ బలం కంటే టైమింగ్ ముఖ్యం. ఉయ్యాల ఊపడం తెలుసు కదా! సరైన క్షణంలో చిన్నపిల్ల తోసినా ఉయ్యాల ఎత్తుకి పోతుంది. రెక్కను వదలబోయే గాలి పొర కూడా ఊగిసలాడుతూ ఉంటుంది. ఆ ఊగే లయకి తగ్గట్టు ప్లాస్మాని ఆన్, ఆఫ్ చేస్తూ పోతే, చిన్న చిన్న సుడులు పుట్టి పైగాలిని కిందికి లాగి పొరని మళ్లీ అంటిస్తాయి.

చిన్న లెక్క చూడండి. గాలి వేగం సెకనుకి 20 మీటర్లు, అంటే గంటకి 72 కిలోమీటర్లు. రెక్క వెడల్పు 20 సెంటీమీటర్లు. వేగాన్ని వెడల్పుతో భాగిస్తే 100 వస్తుంది. అంటే సెకనుకి సుమారు 100 సార్లు తట్టాలి, మొదలుపెట్టడానికి ఇది మంచి అంచనా. మోటారుతో కదిలే రేకుకి ఈ వేగం కష్టం. ప్లాస్మాకి అది లెక్కే కాదు, మిల్లీసెకన్లో ఆన్ అయి ఆఫ్ అవుతుంది. సాఫ్ట్‌వేర్ వాడిని కాబట్టి నాకు బాగా నచ్చింది ఈ ముక్కే. రెక్క ఆకారం మార్చకుండా, ఒక్క లైన్ కోడ్ మార్చి గాలి ప్రవర్తన మార్చొచ్చు. సెన్సర్ గాలి ఎక్కడ విడిపోతోందో చెప్పాలి, ప్రోగ్రామ్ ఎప్పుడు తట్టాలో తేల్చాలి. ఆ ప్రోగ్రామ్ ఆలస్యం చేస్తే ఉయ్యాలని ఎదురుగా తోసినట్టే.

కాబట్టి దీనికి సరిపోయే చోట్లు ఏవి? వేగం తక్కువ ఉన్నచోట్లు. చిన్న డ్రోన్ల రెక్కలు, గాలిమరల బ్లేడ్లు, టర్బైన్ లోపలి బ్లేడ్ల మీద కొన్ని భాగాలు. జపాన్‌లో తోషిబా గాలిమరల బ్లేడ్ల మీద దీన్ని పరీక్షించింది. జర్మనీలో డార్మ్‌స్టాట్ టెక్నికల్ యూనివర్సిటీ వాళ్లు ఒక మోటారు గ్లైడర్ రెక్కకి తొడిగి నిజంగా ఆకాశంలోనే పరీక్షించారు. అక్కడ వాళ్ల లక్ష్యం రెక్క మీద ప్రశాంతంగా సాగే గాలి అల్లకల్లోలం కావడాన్ని కాస్త వెనక్కి నెట్టడం. నెట్టగలిగారు, అదీ కొద్దిపాటి దూరమే.

మన దేశంలో ఒక పాఠం

బెంగళూరు ఐఐఎస్‌సీలో జరిగిన ప్రయోగం నాకు భలే నచ్చుతుంది, ఎందుకంటే అందులో గెలుపూ ఉంది, ఓటమీ ఉంది. 2007లో ప్రచురించిన ఆ పనిలో వాళ్లు తీసుకున్నది ధ్వని కంటే ఎన్నో రెట్ల వేగం, అంటే హైపర్‌సోనిక్. మొద్దు ముక్కున్న నమూనా ముందు గాలి దారిలో విద్యుత్ ఆర్క్ వెలిగించి, అక్కడ శక్తి పోశారు. వేడెక్కిన ఆ చోటు గుండా పోతే ముందు పీడనం తగ్గాలి, డ్రాగ్ తగ్గాలి. ఆర్గాన్ వాయువుతో చేసినప్పుడు డ్రాగ్ దాదాపు సగానికి పడిపోయింది!

అదే గాలితో చేస్తే? చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆర్గాన్ ఒంటరి అణువు, ఇచ్చిన శక్తి నేరుగా వేడిగా మారుతుంది. గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ జంట అణువులు. శక్తిలో పెద్ద భాగాన్ని తమలో తాము ఊగడానికి, విడిపోవడానికి మింగేస్తాయి. మనం ఎగరాల్సింది మాత్రం గాలిలోనే కదా! ఆ 'రాలేదు' అన్న ముక్కని కూడా రాసి ప్రచురించారు చూడండి, అసలు సైన్స్ అంటే అది. వాట్సాప్ ఫార్వర్డ్ అయితే మొదటి సగమే వచ్చేది.

మన పొలం మీద ఎగిరితే?

ఇప్పుడు మన దగ్గరికి తెచ్చి చూద్దాం. ఖమ్మం మిర్చి, పత్తి చేలలో మందు కొట్టే డ్రోన్లు కనిపిస్తున్నాయి. ఇవి రెక్కలు లేని ఫ్యాన్ల డ్రోన్లు. బ్యాటరీ కొద్ది నిమిషాల్లోనే అయిపోతుంది. ఎక్కువ దూరం పోవాలంటే, అంటే వరదొచ్చినప్పుడు ముంపు ఊళ్ల మీద తిరిగి ఎవరెక్కడ చిక్కుకున్నారో చూడాలంటే, రెక్కలున్న డ్రోన్ కావాలి. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటిన రోజులు గుర్తున్నవాళ్లకి దాని విలువ చెప్పక్కర్లేదు. నెమ్మదిగా, వంకర గాలుల్లో, స్టాల్ అంచున ఎగరాల్సిన చిన్న రెక్క. కాగితం మీద ప్లాస్మాకి ఇంతకంటే సరిపోయే పని లేదు.

కానీ అదే వరద రోజుల్లో వాన పడుతుంటుంది. అక్కడుంది అసలు పరీక్ష. తడి పడితే రెక్క మీద ప్లాస్మా సరిగ్గా వెలగదు, గాలిలో తేమ పెరిగినా దాని బలం తగ్గుతుంది. రోజులు గడిచేకొద్దీ ఓజోన్, బుజ్జి మెరుపులు కలిసి ప్లాస్టిక్ పొరనే కొరికేస్తాయి. వేల వోల్టుల పరికరం పక్కనే జీపీఎస్, రేడియో ఉంటే సిగ్నల్‌లో గోల. వోల్టేజీ పెంచే సర్క్యూట్ బరువు, అది తినే బ్యాటరీ సరేసరి. రెక్క మిగిల్చే శక్తి కంటే ఇవి తినేది తక్కువ అయితేనే లాభం. ఈ లెక్క తేలక చాలా ప్రయోగాలు విండ్ టన్నెల్ గుమ్మం దాటి బయటికి రాలేదు.

మిల్లులో ఈ సమస్యలు లేవు. అక్కడ పొడి ఆక్సిజన్, మూసిన గది, చల్లబరచడానికి నీళ్లు, చూసుకోవడానికి మనుషులు ఉంటారు. రెక్క మీద ఇవేవీ ఉండవు. ఒకే పరికరం ఒకచోట రోజూ డ్యూటీ చేస్తూ, ఇంకోచోట ఇంకా ట్రయల్‌లోనే ఉండటానికి కారణం ఇదే.

ఒక హెచ్చరిక. యూట్యూబ్‌లో పాత టీవీ ట్రాన్స్‌ఫార్మర్‌తో ఇది చేసి చూపించే వీడియోలు దొరుకుతాయి. దయచేసి ఇంట్లో చెయ్యకండి. ఆ వోల్టేజీ ప్రాణం తీస్తుంది. మూసిన గదిలో ఓజోన్ ఊపిరితిత్తుల్ని దెబ్బతీస్తుంది. పనిచేసే చోట్ల గాలిలో అది పది లక్షల్లో 0.1 వంతు దాటకూడదని అమెరికా నిబంధన. చేత్తో చేసి చూడాలని ఉంటే కాలేజీ హైవోల్టేజీ ల్యాబులో, సార్ల ముందు చెయ్యండి. లేదా ల్యాప్‌టాప్ మీద మొదలుపెట్టండి. ఓపెన్‌ఫోమ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. ప్లాస్మా మొత్తాన్ని లెక్కగట్టక్కర్లేదు, రెక్క మీద ఒక చోట గాలిని తోసే చిన్న బలంగా రాసుకుంటే చాలు. ఆ బలాన్ని రెక్క మీద ముందుకీ వెనక్కీ జరిపి చూడండి. సరైన చోట పెడితే గాలి అతుక్కుంటుంది. కాస్త పక్కకి జరిగితే అంత శక్తీ వృథా.

ఈసారి వంతెన దాటేటప్పుడు పిల్లర్ వెనక సుడిని చూశాక, ఒక్కసారి సారపాక వైపు తిరిగి మిల్లు పొగగొట్టాల్ని కూడా చూడండి. కరెంటు గాలిని తోస్తుంది, అందులో అనుమానం లేదు. వానలో తడిసినా ఆగకుండా, పొర కొరికేసుకోకుండా, తిన్నదానికంటే ఎక్కువ మిగిల్చేలా దాన్ని ఒక చిన్న రెక్కకి అతికించడం ఎలా అన్నదే మిగిలిన పని. ఆ పోస్టు ఇంకా ఖాళీగానే ఉంది.